ముప్పై లెక్కపెట్టేదాకా

పిల్లల చేత ఏ చిన్న వ్యాయామం చేయించాలన్నా ముందు చేతులు కడుక్కు రమ్మంటాను. ఇది నాకున్న పిచ్చి. విశాఖపట్నంలో మేముంటున్న అపార్టుమెంటు కింద, కార్లు పెట్టే చోట, ఆదివారం పొద్దున్న పదిమంది పిల్లల్ని పోగేసి మెడ తిప్పడం, భుజాలు తిప్పడం, తాడాసనం, వృక్షాసనం నేర్పిస్తుంటాను. జీతం లేదు, బోర్డు లేదు, ఊరికే కూర్చోలేని జబ్బు, అంతే. వాచ్‌మన్ గది పక్క కుళాయి దగ్గర సబ్బు పెట్టించాను. యోగాకి సబ్బెందుకండీ అని ఒక తల్లి నవ్వితే, శుభ్రం మంచిదే కదండీ అని ఏదో అన్నాను. మొన్న మూడో అంతస్తు పిల్ల, ఆరేళ్ళది, తడి చేతులు గౌనుకి తుడుచుకుంటూ ఇంకో ప్రశ్న వేసింది. టీవీలో చివరికి అరచేతులు రుద్ది కళ్ళమీద పెట్టుకుంటారు కదా, మీరు అదెందుకు చేయించరు అని. టైమైపోయిందని చెప్పి అందరినీ పంపేశాను. పైకొచ్చి కాఫీ కలుపుకుని, తాగడం మర్చిపోయి, హాల్లోంచి బాల్కనీలోకీ బాల్కనీలోంచి హాల్లోకీ తిరుగుతుంటే మా ఆయన పేపరు దించి ఏమైందన్నారు. ఏమీ కాలేదన్నాను. కావలసిందంతా పాతికేళ్ళ కిందటే అయిపోయింది మరి.

అసలు నేను కుదురుగా ఒకచోట కూర్చున్న మనిషిని కాను. అలాంటిదాన్ని పిల్లలకి కుదురు నేర్పే పనిలో పడ్డానంటే కారణం మా నాన్న. టెక్కలిలో ఎమ్మార్వో ఆఫీసులో గుమాస్తా. మూడు గదుల అద్దె ఇల్లు, ముందు చిన్న వరండా. తెల్లవారకముందే నూతి గిలక చప్పుడు వినిపించేది, దాని వెనకాలే నాన్న ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కునే చప్పుడు. ఒక ముక్కులో పోస్తే ఇంకో ముక్కులోంచి రావాలి. ఆ చప్పుడుకి మేము అక్కచెల్లెళ్ళం ముగ్గురం దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్ళం. తర్వాత వరండాలో ఎర్రచారల జంపఖానా పరిచేవారు. నువ్వులనూనె, విభూతి, చెమట కలిసిన వాసన దానికి. లోపల అమ్మ కిరసనాయిలు స్టవ్ వెలిగిస్తే ఆ వాసన కూడా వచ్చి కలిసేది. మమ్మల్ని ముగ్గురినీ వరసగా కూర్చోబెట్టి, ముందు మెడ, తర్వాత భుజాలు, మణికట్లు, మోకాళ్ళు, ఒక్కో కీలూ కదలనిచ్చి అప్పుడు ఆసనాల్లోకి వెళ్ళేవారు. ఒళ్ళు వేడెక్కకుండా వంచితే ఒళ్ళు మనమాట వినదనేవారు. మా అక్క బుద్ధిగా చేసేది, చెల్లి నిద్రపోయేది. నా గురించి మాత్రం, దీని ఒంట్లో దేవుడు పాదరసం పోశాడే అని అమ్మతో మొరపెట్టుకునేవారు.

అన్నిటికంటే నాకు నరకం చివరిది. అరచేతులు రెండూ గట్టిగా రుద్ది, వేడి పుట్టాక మూసిన కళ్ళమీద పెట్టుకోవాలి. నాన్న ముప్పై లెక్కపెట్టేవారు. ఎంత మెల్లగానో. పదకొండుకీ పన్నెండుకీ మధ్య పాలవాడు వచ్చి వెళ్ళిపోయేవాడు. ఆ చీకట్లో నేను ఉండలేకపోయేదాన్ని, వేళ్ళ సందుల్లోంచి వీధిలోకి చూసేదాన్ని, నాన్న నా వేళ్ళమీద చిన్నగా తట్టేవారు. ఇది చెయ్యకపోతే ముందు చేసిందంతా దండగే అని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను నా పెట్టెలో పెట్టుకుని సముద్రపొడ్డు తోటల ప్రాంతమైన ఉద్దానం వెళ్ళాను.

డిగ్రీ పూర్తయిన ఏడాది వాలంటీరు టీచరు పని వచ్చింది. మందసలో మా పిన్ని ఇంట్లో ఉండి, రోజూ సైకిలు మీద సముద్రం వైపున్న ఒక ఊరికి వెళ్ళిరావాలి. ఊరి పేరు రాయను. దారంతా కొబ్బరి, పనస, జీడిమామిడి తోటలు, ఇసక దారిలో సైకిలు దిగి నడిపించాల్సిన చోట్లు నాలుగైదు. ఊళ్ళోకి వెళ్తుంటే ఇళ్ళ ముందు ఆడవాళ్ళు పీటల మీద కూర్చుని జీడి పిక్కలు కొడుతూ కనిపించేవారు. ఒక చేత్తో పిక్కని రాతిమీద నిలబెట్టి, రెండో చేత్తో చెక్క సుత్తితో ఒక్క దెబ్బ. పక్కన పళ్ళెంలో బూడిద, కొబ్బరిచిప్పలో నూనె. వాళ్ళలో ఒక విచిత్రం గమనించాను. ముక్కు దురద పెడితే చేత్తో గోక్కోరు, భుజానికి రాసుకుంటారు. చంటిపిల్ల ఏడిస్తే మోచేత్తో దగ్గరికి లాక్కుంటారు గాని అరచెయ్యి తగలనివ్వరు. ఇది ఈ ఊరి అలవాటు కాబోలనుకున్నాను. ఎందుకని ఎవర్నీ అడగలేదు. టెక్కలి నుంచి వచ్చిన డిగ్రీదాన్ని, పల్లెటూరి వాళ్ళని అడిగి తెలుసుకోవలసింది ఏముంటుందని నా ధీమా. బడిలో మొదటి రోజు పిల్లల వేళ్ళ చివర్లు నల్లగా ఉండటం చూసి, మురికని తిట్టి బోరింగు దగ్గరికి తోలాను. తోముకుని తోముకుని వచ్చారు, నలుపు అలాగే ఉంది. ఒక్కరూ ఎదురు చెప్పలేదు.

బడి అంటే ఒకే గది, ముందు వరండా. హెడ్మాస్టరుగారు మంచాయనే గాని సగం రోజులు మండలాఫీసు పనుల మీద తిరిగేవారు. ఆ ఏడు శీతాకాలంలో ఆయన వచ్చి, నెల తిరిగేసరికి విద్యాధికారి బడి చూడటానికి వస్తారని, పై సంవత్సరం నన్ను ఉంచేదీ లేనిదీ ఆయన రాసే ముక్క మీదే ఉంటుందని, ఏదైనా కొత్త సంగతి చూపించమని చెప్పారు. నాకు తెలిసిన కొత్త సంగతి మా నాన్న వరండా ఒక్కటే. మర్నాటి నుంచి ప్రార్థన కాగానే ఇసకలో కొబ్బరాకు చాపలు పరిపించి మొదలుపెట్టాను. ఇళ్ళల్లో వంగీ గొంతుక్కూర్చునీ పనిచేసే పిల్లలు కదా, ముందు సడలింపు కావాలని నాన్న పద్ధతిలోనే వెళ్ళాను. భుజాలు తిప్పమంటే బిగుసుకుపోయేవారు. అప్పుడు మూడో తరగతి తులసి అనే పిల్ల, మా నాయన నూతిలో నీల్లు తోడినట్టా టీచరమ్మా అంది. అవునన్నాను. అంతే, అందరి చేతులూ లేచాయి. ఆ తర్వాత ప్రతిదానికీ ఆ పిల్లే పేరు పెట్టింది. వల విసరడం, కావిడి మొయ్యడం, పనసకాయ ఎత్తడం. నవ్వులే నవ్వులు. అవతల ఇళ్ళవాళ్ళు సుత్తులు ఆపి చూసేవారు.

తులసి పుల్లలాంటి పిల్ల, రెండు జడలు, గౌను వెనక గుండీలు ఊడిపోయి పిన్నీసు. దాన్ని ఒంటికాలి మీద నిలబెడితే పక్కన మేక అరిచినా తొణికేది కాదు. నాకు పట్టుబడని కుదురు ఈ తొమ్మిదేళ్ళ దానికి ఎక్కడిదని లోపల ఉక్రోషంగా కూడా ఉండేది, నిజం చెప్పాలి. ముందు వరస మధ్యలో నిలబెట్టి, నువ్వే లీడరువి, నిన్ను చూసి అందరూ చేస్తారన్నాను. దానితోపాటు ఒక రూలు పెట్టాను. గంట కొట్టాక వచ్చినవాళ్ళు ఎంతటివాళ్ళైనా సరే వెనక వరసే. తులసి తల్లి దాలమ్మ ఒకరోజు దారిలో ఆపి, గుంటది రాత్రుళ్ళు నిద్దట్లో కూడా లెక్కలెట్టీస్తంది అని నవ్వుతూ చెప్పింది. నాకు గర్వంతో ఒళ్ళు తెలియలేదు.

అధికారి వచ్చేది సోమవారమనగా శనివారం జరిగింది అది. గంట కొట్టేసరికి తులసి పరుగెత్తుకుంటూ వచ్చి తన జాగాలో నిలబడింది. వగరుస్తోంది. నీళ్ళు తోడారు, వల విసిరారు, చెట్టులా నిలబడ్డారు. చివరికి కూర్చోబెట్టి, అరచేతులు రుద్దండి, ఇంకా గట్టిగా, ఇప్పుడు కళ్ళమీద పెట్టుకోండి, నేను ముప్పై అనేదాకా ఎవరూ కదలకూడదు అని మా నాన్న గొంతు తెచ్చిపెట్టుకుని లెక్క మొదలుపెట్టాను. వెనక కుర్రాళ్ళు వేళ్ళ సందుల్లోంచి చూసుకుని కిసుక్కుమంటున్నారు. వాళ్ళని గదమాయించాను. పన్నెండు దగ్గర తులసి భుజాలు ఒక్కసారి ఎగిరిపడ్డాయి. తులసీ కదలొద్దు, లీడరువి నువ్వే కదిలితే ఎలా అన్నాను. కదలడం మానేసింది. సోమవారం ఇలాగే మెల్లగా లెక్కపెట్టాలని నాలో నేను అనుకుంటూ, అధికారి ఏం మెచ్చుకుంటాడో ఊహించుకుంటూ, మిగతా పద్దెనిమిదీ లెక్కపెట్టాను.

ముప్పై అన్నాక అందరూ చేతులు తీశారు. తులసి కూడా తీసింది గాని కళ్ళు తెరవలేదు. రెప్పల చుట్టూ ఎర్రగా కమిలిపోయింది, చెంపల మీదికి నీళ్ళు కారుతున్నాయి. మంటగా ఉంది టీచరమ్మా అంది, ఏదో తప్పు చేసినట్టు, నెమ్మదిగా. ఇంకో పిల్ల దాని చెయ్యి పట్టి చూసి, సొన, సొన, పిక్కలు కొట్టి కడుక్కోలేదు అని అరిచింది. అప్పుడు తెలిసింది నాకు. జీడి పెంకులో నల్లటి సొన ఉంటుంది, ఒంటికి తగిలితే పొక్కుతుంది, పని అయ్యాక కొబ్బరినూనె రాసి బూడిదతో తోమి కడుక్కునేదాకా ఆ ఊళ్ళో ఎవరూ ముఖం ముట్టుకోరు. రోజూ ఆ పిల్ల పొద్దున్నే తల్లికి సాయం చేసి, చేతులు తోముకుని వచ్చేది. ఆ రోజు గంట వేళైపోతోందని, వెనక వరసలోకి పంపేస్తానని భయపడి, కడుక్కోకుండానే పరుగెత్తింది. చేతులు తీసెయ్యొచ్చు కదే అన్నాను. మీరు ముప్పై అనలేదు కదా అంది.

సైకిలు మీద కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాను. దాలమ్మ చూడగానే సుత్తి పారేసి లేచింది. పక్కింటి బాలింత పరుగున వచ్చి తన పాలు పిల్ల కళ్ళల్లో పిండింది. ఎవరో నీళ్ళు, ఎవరో వెన్న. దాలమ్మ అత్తగారు కర్ర పొడుచుకుంటూ వచ్చి ఏటయ్యింది, ఏటయ్యింది అని అడుగుతోంది. ఆమెకి బాగా చెముడు. ఆమెకి ఒక మాట చెప్పాలంటే వీధి వీధంతా వినాల్సిందే. అందరూ నావైపు చూశారు, నేను చెబుతానని. నోరు తెరిచాను కూడా. ఇంతలో తులసి, కళ్ళు మూసుకునే, గొంతెత్తి చెప్పింది.

"పిక్కలు కొట్టీసి కళ్ళు నులిపీసుకున్నాను నానమ్మా. నానే."

ముసలామె కోడలి వైపు తిరిగింది. "పసిగుంట సేత పిక్కలు కొట్టించి దాని కళ్ళు కాల్చీసినావే!"

దాలమ్మ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. సోమవారం నా కళ్ళముందు కనపడుతోంది. అధికారి, ఆయన రాసే ముక్క, పై సంవత్సరం. మా అక్క పెళ్ళి కుదిరి, నాన్న రిటైర్మెంటు దగ్గరపడి, నా ఉద్యోగం గురించి ఇంట్లో అందరూ చెప్పుకుంటున్న రోజులు. రేపు చెబుతాననుకున్నాను. పిల్లని ట్రెక్కరు జీపులో పలాస కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే నేనూ ఎక్కాను, దారంతా దాని తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఎంత మంచి టీచరమ్మ అనుకున్నారు జనం. సిగ్గులేనిదాన్ని.

కళ్ళకి కట్టు కట్టి, చూపు సంగతి వారం పోతేగాని చెప్పలేనన్నాడు డాక్టరు. సోమవారం అధికారి వచ్చాడు. ముందు వరస మధ్యలో ఇంకో పిల్లని నిలబెట్టాను. చివరిది చేయించలేదు. ఆయన సంతోషించి, పిల్లలు వల విసరడం చూసి తనూ చెయ్యి ఊపి, రాయవలసింది రాసి వెళ్ళాడు. ఆ వారం నేను అన్నం తిన్న గుర్తు లేదు. పిన్ని ఇంట్లో పడుకుని కళ్ళమీద చేతులు పెట్టుకుని ముప్పై లెక్కపెట్టి చూసేదాన్ని, పన్నెండు దాటేది కాదు. తర్వాత కట్టు విప్పారు. తులసికి చూపు దక్కింది. ఎడమ రెప్ప చివర మచ్చ మిగిలింది, అక్కడ వెంట్రుకలు మళ్ళీ రాలేదు. దేవుడు గట్టెక్కించాడనుకున్నాను. గట్టెక్కింది నేను. దాలమ్మ ఎక్కలేదు. ముసలామె ఇంట్లో పిక్క అడుగుపెట్టనివ్వలేదు. దాలమ్మ తెల్లవారుజామునే ట్రెక్కరెక్కి పలాస జీడి బట్టీల్లో పనికి పోవడం మొదలుపెట్టింది. నేను ఆ ఊళ్ళో ఇంకా రెండేళ్ళు పనిచేశాను. సాయంత్రాలు బిస్కట్లు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళేదాన్ని, తులసి చేత ఎక్కాలు చెప్పించేదాన్ని, కన్ను ఎలా ఉందని అడిగేదాన్ని. అసలు మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయేది. తర్వాత డీఎస్సీలో నందిగాం దగ్గర ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, బదిలీలయ్యాయి, మా ఆయన ఉద్యోగం కోసం నాది వదులుకుని విశాఖ చేరాను. ఇన్నేళ్ళూ ఎక్కడ పిల్లల్ని కూర్చోబెట్టినా చేతులు కడిగించాను, ఆ చివరిది మాత్రం చేయించలేదు. ఆ రెండూ చేసి బాకీ తీరిందనుకున్న మూర్ఖురాలిని.

మూడో అంతస్తు పిల్ల అడిగిన మూడోరోజు పలాస రైలెక్కాను. మా ఆయనకి స్నేహితురాలిని చూడటానికని చెప్పాను. స్టేషను బయట ఆటో మాట్లాడుకుంటే కుర్రాడు గంటలోపల దింపేశాడు, సైకిలు దిగి నడిచే ఇసక దారి ఎక్కడా కనిపించలేదు, అంతా సిమెంటు. తుపానుకి పాత కొబ్బరి తోటలు పడిపోయి, మళ్ళీ వేసిన చెట్లు మనిషికి రెండింతల ఎత్తున ఉన్నాయి. ఇళ్ళ ముందు నీళ్ళ క్యాన్లు. కిడ్నీ జబ్బుల భయానికి నూతినీళ్ళు ఎవరూ తాగడం లేదట. పిక్కలు కొట్టే చప్పుడు ఏ గుమ్మంలోనూ లేదు, కోసే మిషన్లు వచ్చేశాయన్నాడు ఆటో కుర్రాడు. బడికి రెండు గదులు పెరిగాయి, గోడమీద ఆసనాల బొమ్మలు వేయించారు. అటు చూడకుండా వెళ్ళిపోయాను.

దాలమ్మ జుట్టు నెరిసింది గాని మనిషి అలాగే ఉంది. ఒక్కతే కూర్చుని చింతపండు పిక్క తీస్తోంది. చూడగానే గుర్తుపట్టి కుర్చీ వేసింది. భర్త పోయి ఆరేళ్ళయిందనీ, తులసి బారువలో కాపురముంటూ అక్కడే అంగన్‌వాడీలో పనిచేస్తోందనీ చెప్పింది. నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. లేచి, మళ్ళీ కూర్చుని, ఆమె మాట మధ్యలోనే చెప్పేశాను. గంట, వెనక వరస, ముప్పై, కదలొద్దన్న మాట, అన్నీ. చెబుతుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

దాలమ్మ చింతపండు బుట్ట పక్కకి జరిపింది. అప్పట్లో నన్ను మీరు అనేది. ఇప్పుడు నువ్వు అంది.

"నాకు ఆ మర్నాడే తెలుసమ్మా. బడి గుంటలు సెప్పకుండా ఉంటారేటి? పైకి అంటే నిన్ను తీసీసేవోరు. నువ్వెల్లిపోతే ఆ బడికి ఇంకెవులొచ్చీవోరు? తులసి సదువుకోవాలని ఊరుకున్నాను. నువ్వు బిస్కట్లు తెచ్చీదానివి. ఇయ్యాల సెప్తాది, ఇయ్యాల సెప్తాది అని సూసీదాన్ని. రెండేల్లు సూసినాను. మరింక మానీసినాను."

నాకు ఏడుపొచ్చింది. ఆమెకి రాలేదు. తులసి ఏమనుకుంటుందని అడిగాను. ఏమనుకుంటుంది, అంగన్‌వాడీలో పిల్లల చేత అవన్నీ చేయిస్తుందట. వల విసరడం, కావిడి మొయ్యడం. చివరికి అరచేతులు రుద్ది కళ్ళమీద పెట్టిస్తుందట కూడా. ముందు సబ్బు పెట్టి కడిగించి, పదే లెక్కపెడుతుందట. నేను పాతికేళ్ళు దాచిపెట్టి భయపడ్డదాన్ని ఆ పిల్ల కడుక్కుని, సరిచేసుకుని, వాడుకుంటోంది. నాకు సంతోషించాలనిపించింది, సిగ్గేసింది, రెండూ కలిసే వచ్చాయి. క్షమించమని దాలమ్మ చెయ్యి పట్టుకోబోయాను. ఆమె తన చెయ్యి వెనక్కి తీసుకుని గోడవైపు చూపించింది. అక్కడ ముసలామె ఫోటో ఉంది, ప్లాస్టిక్ పూలదండతో.

"నాకు తెలిసిందే నాకు సెప్పడానికి ఇంత దూరమొచ్చినావు. ఆమెకి తెల్దు. సచ్చిపోయీ రోజుదాకా, గుంట కళ్ళు నువ్వే కాల్చీసినావే అని నన్ను అంటూనే ఉంది. సెప్పవలసింది ఆమెకి."

బయట ఆటో కుర్రాడు ఫోను చూసుకుంటున్నాడు. ఎదురింటి అరుగు మీద ఇద్దరు ఆడవాళ్ళు, ఒక ముసలాయన కూర్చుని ఉన్నారు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. నేను లేచి వెళ్ళి ఫోటో ముందు నిలబడ్డాను. చేతులు కట్టుకుని, బడిలో పాఠం రాని పిల్లలా, ఆ రోజు కళ్ళమీద చేతులు పెట్టమన్నది నేనండీ, మీ కోడలి తప్పేమీ లేదు అని గొణిగాను. నా మాట నాకే సరిగా వినపడలేదు. వెనక్కి తిరగబోయాను.

దాలమ్మ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "కొంచెం గట్టిగా సెప్పమ్మా" అంది. "మా అత్తకి సెముడు."

మళ్ళీ ఫోటో వైపు తిరిగి గొంతు పెంచాను.